మా అత్తకు పట్టిన కుస్తీ పిచ్చి

టీవీలో కుస్తీ వస్తున్నప్పుడు మా ఇంట్లో నన్నెవరూ భోజనానికి పిలవరు. పిలిచినా లేవనని వాళ్లకు తెలుసు. మనవలు మాత్రం పక్కన చేరి, "అవ్వా, వాళ్లు ముందే అనుకొని కొట్టుకుంటారు, అంతా ఉత్త నాటకం" అని నాకు జ్ఞానబోధ చేస్తుంటారు. ఈ సంగతి నాకు చెప్పడానికి వీళ్లు పుట్టక్కర్లేదు. వీళ్ల నాన్న పుట్టకముందే నాకు తెలుసు. తెలిసిన రోజున నా కడుపు ఎంత మండిందో, దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో వీళ్లకే తెలియదు.

నేను పెరంబూరుకు కాపురానికి వచ్చింది మద్రాసులో ట్రాములు ఆగిపోయిన కొత్తలో. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అక్కడే కమ్మరి షెడ్డులో పనిచేసేవారు. ఇద్దరికీ పక్కపక్కనే క్వార్టర్లు, మధ్యలో ఒకటే గోడ. వాళ్లు తాతల కాలంనుంచీ ఈ ఊరివాళ్లే. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు గానీ ఆ తెలుగులో సగం అరవం. నెల్లూరు పక్క పల్లెనుంచి వచ్చిన నాకు మొదటి నెలంతా మా ఆయన ఏం తెమ్మంటున్నారో అర్థమయ్యేది కాదు. అర్థం కానట్టు ఉండిపోతే పని తగ్గుతుందని తర్వాత కనిపెట్టాను.

ఆ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. గొడవ ఎంత పెద్దదో వింటే నవ్వుతారు. మా ఆడపడుచు కూతురికి మా ఇంట్లోనే చెవులు కుట్టించారు. మాలో పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టాలి. పెద్ద మేనమామ ఉండగా ఆ హక్కు ఆయనదే. ఆ రోజు బావగారికి ఓవర్‌టైమ్ పడింది. సూది పట్టుకున్న ఆచారి, "మంచి గడియ దాటిపోతా ఉందమ్మా" అని తొందరపెట్టాడు. పిల్ల ఏడుస్తోంది, వచ్చినవాళ్లు ఆకలితో ఉన్నారు. అందరూ కలిసి మా ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి పిల్లను ఒళ్లో పెట్టారు. రెండో చెవి కూడా అయిపోయాక బావగారు పట్టు పరికిణీ పొట్లంతో పరుగున వచ్చారు. పిల్ల చెవులు చూశారు, తమ్ముడి ఒడి చూశారు. "నేను చచ్చినాననుకున్నారా?" అని ఒక్క మాట అని, పొట్లం గడప మీద పెట్టి వెళ్లిపోయారు. మా ఆయన వెనకే వెళ్లి బతిమాలి ఉంటే అక్కడితో పోయేది. "ఓవర్‌టైమ్ చేసింది ఆయన, తప్పు నాదా?" అని ఈయనా బిగుసుకున్నారు.

అప్పటినుంచి ఒకే సైరన్‌కు ఇద్దరూ బయల్దేరి రోడ్డుకు చెరో పక్కన నడిచి వెళ్లేవారు. తోటికోడళ్లం మాత్రం పెరటి గోడ మీదుగా కరివేపాకూ కూరగిన్నెలూ అందించుకుంటూనే ఉన్నాం. మొగుళ్లు అలిగితే కూరలు ఎందుకు అలగాలి? నలిగిపోయింది మా అత్త ఒక్కతే. పొద్దున ఒక ఇంట్లో, సాయంత్రం ఒక ఇంట్లో తినేది. అన్నిటికంటే ఆమెను కుంగదీసింది మా మామగారి తద్దినం. ఉదయం పెద్దకొడుకు ఇంట్లో ఒకసారి, మధ్యాహ్నం చిన్నకొడుకు ఇంట్లో ఇంకోసారి. రెండు చోట్లా విస్తరి ముందు కూర్చొని, రెండు చోట్లా ముద్ద మింగలేక లేచేది. "ఒక్క ఏడన్నా నా కొడుకులిద్దరూ ఒక్కచోట కూసోని వాళ్ల నాయనకు పెట్టేది చూడాల అమ్మే. అంతకుమించి నాకేం వద్దు" అని బియ్యం ఏరుతూ నాతో అనేది. ఎన్నిసార్లు అన్నదో చెప్పలేను.

ఇలాంటి ఇంట్లోకి కుస్తీ వచ్చింది. నేను వాకిట్లో వడియాలు పెడుతుంటే వీధిలో డప్పులు మోగాయి. గుర్రబ్బండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, లోపలినుంచి ఒకడు గులాబీరంగు నోటీసులు గాల్లోకి విసురుతున్నాడు. అందులో ఒకటి నేరుగా వచ్చి నా తడి వడియాలకు అంటుకుంది. వాణ్ని నోరారా తిడుతూ నోటీసు పీకాను. దాని మీద చొక్కాల్లేని మగాళ్లిద్దరు ఒకరి మెడ ఒకరు పట్టుకొని కళ్లురుముతున్నారు. సిగ్గేసింది. అయినా పారేయబుద్ధి కాలేదు.

సాయంత్రం మా ఆయనకు చూపిస్తే ముఖం వెలిగిపోయింది. వర్క్‌షాపులో అందరి నోటా అదే మాటట. ఏ పట్టు ఎలా పడతారో దిండు మీద చేసి చూపించారు. కుట్లు ఊడి దూదంతా బయటికి వచ్చింది. నన్నూ తీసుకెళ్లమన్నాను.

"ఆడోళ్లు వస్తారా ఆడికి?"

"రాకపోతే నేనే మొదలవుతా."

ఇదంతా విన్న అత్త బుగ్గలు నొక్కుకుంది. "లంగోటీలోళ్లను చూసేదానికి పోతాదంట! ఇంటి కోడలు! సరే, నేనూ వస్తా. కాపలాకి."

సెంట్రల్ స్టేషను అవతలి మైదానంలో పందేలు. ఆడవాళ్లకు ఒక పక్కన బెంచీలు వేశారు. నిజంగానే చాలామంది వచ్చారు, కొందరు చంటిపిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. ముందు పొడుగ్గా, నున్నటి ఒళ్లుతో, తెల్ల నిక్కరు వేసుకున్న ఉత్తరాది కుర్రవాడు తాళ్ల మధ్యనుంచి దూరి వచ్చి నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు. "పిల్లోడు లచ్చనంగా ఉండాడు" అంది అత్త. అప్పట్నించీ మాకు అతను పిల్లోడే. తర్వాత నల్ల అంగీ కప్పుకొని, మెడే లేకుండా భుజాల మీదే తల పెట్టుకొని, నున్నటి గుండుతో ఒక పరదేశి వచ్చాడు. ఎవరికీ దండం పెట్టలేదు. పైగా ముందు వరసవాళ్ల మీద ఉమ్మబోయాడు. అతను గుండాయన అయ్యాడు.

గంట కొట్టిన కాసేపటికి రెఫరీ అటు తిరిగాడు. గుండాయన పిల్లోడి కంట్లో వేలు పెట్టాడు. నేను చూశాను. అంతమందిమీ చూశాం. చూడాల్సిన ఆ ఒక్క రెఫరీ మాత్రం చూడలేదు. నాకు ఒళ్లు తెలియలేదు. బెంచీ ఎక్కి నిలబడి అరిచాను. కాపలాకు వచ్చిన అత్త నా కొంగు పట్టి కిందికి లాగుతూ ఉంది. గుండాయన రెండోసారి వేలు పెట్టేసరికి కొంగు వదిలేసింది. పక్కకు చూస్తే ఆమె కూడా బెంచీ మీదే ఉంది.

"ఓరి నీ గుండు పగలా! రేయ్ రెఫరీ, నీ కండ్లు ఏడబెట్టి వచ్చినావురా!"

పుట్టి బుద్ధెరిగాక పరాయి మగవాడి ముందు గొంతెత్తని మనిషి ఆమె. పిల్లోడు చివరికి గుండాయన్ని ఎత్తి నేలకేసి కొడితే పక్కనున్న ఎవరో తెలియని ఆవిడను కావలించుకుంది. తిరిగి లోకల్ బండిలో వస్తూ, "మళ్లా ఎప్పుడంట?" అని అడిగింది. ఆ కుస్తీల జట్టు మద్రాసులో ఉన్నన్నాళ్లూ మేం ఒక్క ఆదివారం కూడా వదల్లేదు.

రెండో వారమో మూడో వారమో, అవతలి పక్క వరసల్లో బావగారు కనిపించారు. నిలబడి చేతులూపుతూ గుండాయనకు జై కొడుతున్నారు! మద్రాసు మొత్తంలో ఆ దుర్మార్గుణ్ని వెనకేసుకొచ్చిన మనిషి ఆయనొక్కరే అయి ఉంటారు. తమ్ముడు పిల్లోడి పక్షమని వర్క్‌షాపులో ఎవరో చెప్పారట, అంతే, ఈయన గుండాయన పక్షం చేరిపోయారు. ఇక రింగులో వాళ్లిద్దరూ ఒకరి మెడ ఒకరు నులుముతుంటే ఇటునుంచి ఈయనా అటునుంచి ఆయనా ఎవరిని తలుచుకొని అరుస్తున్నారో నాకు బాగానే అర్థమైంది. అత్తకూ అర్థమైంది. గుండాయన దెబ్బ తిన్నప్పుడల్లా చప్పట్లు కొట్టేది, కొడుతూనే అవతలి వరసలకేసి చూసేది. "పెద్దోడి మొగం చూడమ్మే, ఎట్టా వాడిపోయిందో. ఈ పొద్దు అన్నం తినడు" అనేది. నాకైతే అలాంటి దయాదాక్షిణ్యాలేమీ లేవు. గుండాయన మెడ విరిగితే పండగే.

పిల్లోడికీ గుండాయనకీ మధ్య పగ ఎంత నిజమో చెప్పడానికి మైకాయన ప్రతివారం ఒక మాట చెప్పేవాడు. ఈ ఇద్దరూ ఎదురుపడితే ప్రాణాలు పోతాయి కనక ఊళ్లో వేరువేరు చోట్ల బస ఇచ్చాం, రింగులో తప్ప వీళ్లను కలవనివ్వం అని. విని నాకు ఒళ్లు గగుర్పొడిచేది.

చివరి ఆదివారం పిల్లోడు ఓడిపోయాడు. గుండాయన అతని కుడిచెయ్యి వెనక్కి విరిచి, భుజం మీద మోకాలు పెట్టి నొక్కాడు. పిల్లోడు కేకలు పెట్టాడు. చేతికి గుడ్డ కట్టి ఇద్దరు మనుషులు మోసుకుపోయారు. నేను ఏడ్చాను. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. గోడ అవతల బావగారింట్లో అప్పడాలు వేయిస్తున్న వాసన వచ్చింది.

అత్త మాత్రం ఆలోచిస్తూ కూర్చుంది. పొద్దున మగవాళ్లు పనికి వెళ్లాక చెప్పింది. "అది దిష్టి అమ్మే. అన్నివేల కండ్లు ఆ ఒంటిమీద పడితే తగలకుండా పోతాదా? ఆ తల్లి యాడుందో ఏమో, ఎవురు తీస్తారు పిల్లోడికి? మనమే పోదాం పద."

పిల్లోడు జార్జి టౌన్‌లో ఫలానా లాడ్జీలో దిగాడని మా ఆయన ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఎలాగూ బుధవారం మామగారి తద్దినం, సామాన్లు కొనాలి కూడా. ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆవాలూ గుడ్డలో మూట కట్టుకొని ఇద్దరం బస్సెక్కాం. తోపుడుబళ్ల మధ్యనుంచి ఆ సందులన్నీ దాటి లాడ్జీ పట్టుకున్నాం. బల్ల దగ్గర కూర్చున్న మేనేజరు, "ఎన్నమ్మా, యారు వేణుం?" అని ఎవరు కావాలో అడిగాడు. "చెయ్యి ఇరిగిన కుస్తీ పిల్లోడు" అని అత్త తన చెయ్యి వెనక్కి విరిచి చూపింది. అతను మేడపైకి వేలు చూపించాడు.

తలుపు తీసే ఉంది. లోపల చాప మీద పిల్లోడు కూర్చున్నాడు. ఎదురుగా గుండాయన. లుంగీ కట్టుకొని, కళ్లజోడు పెట్టుకొని ఉన్నాడు! ఇద్దరి మధ్య ఒక పెద్ద తాంబాళం, దాన్నిండా ఇడ్లీలూ వడలూ. నిన్న విరిగిన కుడిచేత్తోనే పిల్లోడు గుండాయన వేళ్లలోంచి వడ లాక్కుంటున్నాడు. గుండాయన పడీపడీ నవ్వుతున్నాడు.

"మోసగాళ్లారా! నిన్న మేం ఏడ్చిన ఏడుపుకు విలువ లేదా?" అని గుమ్మంలోనే అందుకున్నాను. తెలుగు తెలియక ఇద్దరూ తెల్లబోయారు. గుండాయన గబుక్కున లేచి, చేతులు జోడించి, పెద్దావిడ అని అత్తకు స్టూలు జరిపాడు. దుర్మార్గుడు మర్యాదగా ఉంటే ఎంత మంటగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కనీసం అతను ఉమ్మి ఉన్నా ఊరుకునేదాన్ని.

అత్త స్టూలు మీద కూర్చోలేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత చేత్తో సైగ చేసింది. "జరుగు నాయనా, వాడి దెగ్గిరికి జరుగు." గుండాయన వెళ్లి పిల్లోడి పక్కన భుజం ఆనించి కూర్చున్నాడు. అత్త మూట విప్పి పిడికిట్లోకి తీసుకొని, ఇద్దరికీ కలిపి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, టిక్కెట్టు కొని చూసినోళ్ల దిష్టి, కొనకుండా దూరినోళ్ల దిష్టి..."

వరండాలో కాఫీ నీళ్లు కాగుతున్న కుంపట్లో ఆ పిడికెడూ పడేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు. దిష్టి లేకపోతేనే ఘాటు కొడుతుంది. మా అత్తకు ఈ లెక్క మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఆ రోజు కొట్టిన ఘాటు నేను జన్మలో చూడలేదు. మేడంతా కమ్మేసింది. గదుల్లోంచి జనం దగ్గుకుంటూ బయటికి ఉరికారు. గుండాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ, మళ్లీ నవ్వాడు. కిందినుంచి మేనేజరు అరుపులు. మేం వెనక మెట్లమీదుగా దిగి పారిపోయాం.

సందు చివర అత్త ఆగింది. "ఘాటు కొట్టిందే! అంటే పిల్లోడికి దిష్టి లేదు. మరి ఎట్టా ఓడినాడు?" జవాబూ తనే చెప్పింది. "అనుకొని ఓడినాడు. ఇద్దురూ అనుకొనే చేస్తాండారు."

నేను బస్సులో దారిపొడుగునా ముక్కు చీదుతూనే ఉన్నాను. సగం పొగ, సగం ఉక్రోషం. ఇక జన్మలో కుస్తీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఎంతకాలం నిలిచిందంటే, మరుసటేడు ఆ జట్టు మళ్లీ వచ్చేదాకా. నోరు విప్పకుండా చూసి వద్దామని వెళ్లాను. రెఫరీ అటు తిరిగాడు, గుండాయన వేలు ఎత్తాడు, నేను బెంచీ ఎక్కేశాను. అబద్ధమని తెలిసి కూడా అంతే కోపం వచ్చింది. ఆ కోపం నాకు ఇష్టమని అప్పుడు తెలిసింది. మనవలకు ఇది చెప్పినా అర్థం కాదు. అయితే అదంతా తర్వాతి మాట. ఆ సోమవారం బస్సులో అత్త ముఖం మాత్రం వెలిగిపోతోంది. "అంత కొట్టుకొని ఒక్క తాంబాళంలో తింటాండారే!" అని తనలో తనే అనుకుంటూ ఉంది.

కొడుకులు పనినుంచి వచ్చేసరికి అత్త పెద్దకొడుకు ఇంటికి వెళ్లి లాడ్జీలో చూసిందంతా చెప్పింది. తర్వాత ఇటు వచ్చి చిన్నకొడుకుకు చెప్పింది. మా ఆయన నమ్మలేదు. "పిల్లోడా? గుండాయనతోనా? నీకు చూపు ఆనడం లేదమ్మా" అన్నారు. అంతలో వాకిట్లో దగ్గు వినిపించింది. బావగారు. చెవులు కుట్టిన నాటినుంచి మా వాకిలి తొక్కని మనిషి, గడప బయట నిలబడి నాతో మాట్లాడారు.

"అమ్మాయ్, ఆడ లోపల ఉండాయనకు గూడా అమ్మ ఇదే చెప్పిందా, అడుగు."

మా ఆయన గోడకేసి చూస్తూ, "చెప్పిందని చెప్పు" అన్నారు.

"అమ్మకు కండ్లు పరీక్ష చేపియ్యాలని చెప్పు."

"నేనూ అదే అనుకుంటా ఉండానని చెప్పు."

నేను చెప్పేలోపే రెండోవైపు జవాబు వచ్చేస్తోంది. మధ్యలో నేనెందుకో నాకే తెలియలేదు.

"గుండాయన అట్టాంటోడు కాదు. వాడు శత్రువుతో కూసోని తినే రకం కాదు" అన్నారు బావగారు పౌరుషంగా.

"మా పిల్లోడు మాత్రం తింటాడా అన్నా!"

అన్నా అనేశారు. అనేసిన సంగతి ఈయనకు తెలియలేదు, విన్న సంగతి ఆయనకూ తెలియలేదు. నేను అత్త వంక చూశాను. చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. కానీ వేళ్లు ఆగిపోయాయి.

ఇద్దరూ నావైపు తిరిగారు. "నువ్వు పక్కనే ఉండావు గదా. నువ్వేం చూసినావు?"

చూసింది చూసినట్టు చెబితే, ఇద్దరూ చెరో మూల ముఖం ముడుచుకొని పోతారు. అత్త ఇంత దూరం తెచ్చిన రాజీ అక్కడే ఆగిపోతుంది. అబద్ధం చెప్పాను. దానికి ఈ రోజుకూ నాకు విచారం లేదు.

"పొగలో నాకేమీ కనపళ్లేదు. మీరే పోయి చూసి రండి. ఇద్దరూ పోండి. ఒకరు చూసొచ్చి చెబితే ఇంకొకరు నమ్మరు గదా."

చెప్పులేసుకొని వెంటనే బయల్దేరారు. గుమ్మంలోంచి చూశాను. మొదట రోడ్డుకు చెరో పక్కనే నడిచారు. స్టేషను మలుపు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఏదో చెబుతూ, పట్టు చూపించడానికి కాబోలు, అటు దాటి అన్న చెయ్యి పట్టుకున్నారు.

భోజనాల వేళకు తిరిగొచ్చారు. కుస్తీల జట్టు మధ్యాహ్నమే బెంగుళూరు బండెక్కి వెళ్లిపోయిందట. వీళ్లు మేడపైకి వెళ్లబోతే మేనేజరు ఆపి సంగతేమిటని అడిగాడట. వీళ్లు మా అమ్మ పొద్దున వచ్చింది అని మొదలుపెట్టేసరికి, "అంద మిళగా కిళవి పుళ్ళైగళా నీంగ?" అని గొడుగు తీసుకొని సందు చివరిదాకా తరిమాడట. మిరపకాయల ముసలమ్మ కొడుకులన్నమాట. ఆ గొడుగు దెబ్బ ముందు ఎవరికి తగిలిందన్న దాని మీద వాదించుకుంటూ ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. మా గుమ్మంలోంచే. నవ్వి నవ్వి బావగారి కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

నేను రెండు కంచాలు పెట్టాను. ఏ ఇల్లు ఎవరిదో చూసుకోకుండా కూర్చుండిపోయారు. అత్త అన్నం వడ్డించబోయింది. పక్కపక్కన కూర్చున్న ఇద్దర్నీ చూసింది. గరిటె నా చేతికిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరట్లోకి వెళ్లింది. నేను పప్పు వేస్తూ చెవి అటే పెట్టాను. ముక్కు చీదిన చప్పుడు, ఆ తర్వాత గోడ మీదుగా పెద్దకోడల్ని పిలిచిన గొంతు.

"అమ్మే, బుధవారం నువ్వు పొయ్యి ముట్టించబాక. ఈ ఏడు మీ మామకు రెండిండ్లు తిరిగే పని తప్పింది."